మొదటి డ్యూటీ... వార్డులోనా, ఐసీయూలోనా?

నర్సింగ్ చదువు అయిపోయింది. స్టేట్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ కూడా అయింది. ఇంటర్వ్యూ గట్టెక్కిన అమ్మాయి చేతికి అపాయింట్‌మెంట్ ఆర్డరు వచ్చింది. జీతం, షిఫ్టులు, హాస్టల్ వివరాలతో పాటు అందులో ఇంకో చిన్న మాట ఉంటుంది. 'పోస్టింగ్: ఐసీయూ' అనో, 'జనరల్ వార్డు' అనో. ఇంట్లో చర్చ అక్కడే మొదలవుతుంది.

'ఐసీయూ అయితే పని బాగా వస్తుంది. రెండేళ్లు చేశావంటే గల్ఫ్‌కో లండన్‌కో వెళ్లిపోవచ్చు' అంటాడు బాబాయి. 'చదువు అయ్యీ అవగానే ప్రాణాల మీదికొచ్చిన వాళ్ల దగ్గరికా? ముందు వార్డులో చెయ్యనివ్వండి, చెయ్యి తిరిగాక చూద్దాం' అంటుంది అమ్మ. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఇద్దరి మాటల్లోనూ ఒక పొరపాటూ ఉంది. ఐసీయూ అంటే పైమెట్టు, వార్డు అంటే కిందిమెట్టు అనుకోవడమే ఆ పొరపాటు.

ఇది ఆ ఒక్క ఇంటి సమస్య కాదు. రేపు ఏ జ్వరానికో, ఏ ఆపరేషన్‌కో ఆస్పత్రిలో చేరే ప్రతి ఇంటిదీ. మంచం పక్కన నిలబడే ఆ కొత్త నర్సుకు మొదటి ఆరు నెలల్లో ఏం నేర్పారన్నదాని మీదే రోగి క్షేమం ఆధారపడి ఉంటుంది.

కన్ను ముందు... యంత్రం తర్వాత

ఐసీయూ అనగానే వెంటిలేటరు, మానిటరు, కుయ్ కుయ్‌మనే అలారాలు గుర్తొస్తాయి. నిజానికి ఐసీయూ యంత్రాల కోసం పుట్టలేదు. మనిషి కాపలా కోసం పుట్టింది.

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌ని పోలియో చుట్టుముట్టింది. ఊపిరి కండరాలు పడిపోయిన రోగులు పదుల సంఖ్యలో బ్లెగ్‌డామ్ ఆస్పత్రికి వస్తున్నారు. వాళ్లందరికీ సరిపడా శ్వాస యంత్రాలు లేవు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు ఒక దారి చూపించాడు. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాలి. ఎంతసేపు? రోగి సొంతంగా ఊపిరి తీసుకునేదాకా... రోజులు, వారాలు. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా వచ్చి మంచాల పక్కన కూర్చుని ఆ సంచులు నొక్కారు. అంతకుముందు ఊపిరి అందక చనిపోతున్న వాళ్ల నిష్పత్తి నెలల్లోనే సగానికి తగ్గిపోయింది. 1953 చివర్లో ఇబ్సెన్ అదే నగరంలో ప్రత్యేకంగా ఒక విభాగం తెరిచాడు. ఇప్పటి ఐసీయూలకు అదే పెద్దన్న.

అక్కడ ప్రాణాలు నిలిపింది ఒక రోగి, ఆ రోగి పక్కన కదలకుండా ఒక మనిషి... అంతే. అంతకు దాదాపు వందేళ్ల ముందే, 1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' పుస్తకంలో రోగిని గమనించడం గురించి ఒక అధ్యాయమే ఉంది. కాబట్టి కొత్త నర్సుకు ముందు రావాల్సింది చూపు. యంత్రం ఆ తర్వాత. ఆ చూపు ఎక్కడ బాగా అలవడుతుందన్నదే అసలు సంగతి.

వార్డు తేలికని ఎవరన్నారు?

జనరల్ వార్డులో పొద్దున ఎనిమిదింటి డ్యూటీ ఒకసారి చూడండి. నైట్ సిస్టర్ చేతిలో కేస్ షీట్ల కట్ట పెట్టి, హ్యాండోవర్ చెప్పి వెళ్లిపోతుంది. ఒకటో బెడ్‌కి ఇవాళ ఆపరేషన్, నోటికి ఏమీ పెట్టకూడదు. మూడో బెడ్‌కి షుగర్ చూసి ఇన్సులిన్ ఇవ్వాలి, టిఫిన్ రాకముందే. నాలుగో బెడ్ డిశ్చార్జి. ఏడో బెడ్ పెద్దాయనకు యూరిన్ బ్యాగ్ నిండిపోయింది. తొమ్మిదో బెడ్‌కి రక్తం ఎక్కించాలి, మొదటి పావుగంట పక్కనే ఉండి చూడాలి. ఇంతలో రౌండ్స్‌కి పెద్ద డాక్టరు వచ్చేశారు. సరిగ్గా అప్పుడే పదకొండో బెడ్ అటెండెంట్ పరుగెత్తుకొచ్చి 'సిస్టరమ్మా, సెలైన్ అయిపోయింది, రక్తం పైకొస్తోంది' అంటుంది.

ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలి? ఏ పని పది నిమిషాలు ఆగుతుంది, ఏది ఆగదు? ఈ లెక్క పుస్తకంలో దొరకదు. వార్డులోనే వస్తుంది. అందుకే పాతకాలం మేట్రన్లు కొత్తవాళ్లను ముందు మెడికల్ వార్డుకో, సర్జికల్ వార్డుకో పంపేవారు. అక్కడ నెలలు గడిచేసరికి షుగరూ, బీపీ, పక్షవాతం, కిడ్నీ, కామెర్లు, హెర్నియా, విరిగిన ఎముక... అన్నీ కళ్లముందు నుంచి వెళ్తాయి. ఒకే జబ్బు పదిమందిలో పదిరకాలుగా ఎలా కనిపిస్తుందో తెలుస్తుంది. కోలుకుంటున్న మనిషి ఎలా ఉంటాడో తెలుస్తుంది. మామూలు ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా, తేడా పట్టేది!

ఇంకొకటి మాట్లాడటం. ఐసీయూలో చాలామంది రోగులు మత్తులోనో, నోట్లో గొట్టంతోనో ఉంటారు. వార్డులో రోగికి నోరుంది, ఇంటివాళ్లకీ ఉంది. 'ఈ మాత్ర ఎందుకమ్మా?', 'ఇంటికెళ్లాక కుట్లకి నీళ్లు తగలొచ్చా?', 'పెరుగన్నం పెట్టొచ్చా?'... ఇలాంటి వాటికి ఓపిగ్గా, అర్థమయ్యేలా జవాబు చెప్పడం నర్సింగ్‌లో సగం పని. మొదట్లో అలవడకపోతే తర్వాత కష్టమే.

మరి వార్డులో ప్రమాదం ఎక్కడుంది? ప్రమాదం చప్పుడు చెయ్యదు. అదే అసలు ప్రమాదం.

ఆపరేషన్ అయిన రెండో రోజు రాత్రి. రోగి పల్స్ సాయంత్రం 88 ఉంది, ఇప్పుడు 112. ఊపిరి నిమిషానికి 18 సార్లు తీసుకునేవాడు, ఇప్పుడు 26 సార్లు. బీపీ మాత్రం 118/76... చక్కగానే ఉంది. రోగిని అడిగితే, 'ఏమో సిస్టర్, ఏదోలా ఉంది' అంటాడు, పక్క మీద అటూ ఇటూ కదులుతుంటాడు. బీపీ బాగుంది కదా అని కొత్త నర్సు ముందుకు వెళ్లిపోతే? లోపల రక్తం పోతున్నా, ఇన్ఫెక్షన్ పాకుతున్నా శరీరం కొంతసేపు బీపీని పడిపోనివ్వకుండా పట్టుకుంటుంది. గుండె వేగం, ఊపిరి వేగం ముందు పెరుగుతాయి. బీపీ పడేది చాలావరకూ ఆఖరున. అప్పటికి పుణ్యకాలం గడిచిపోతుంది.

అమెరికాలో 1990లో వెలువడిన ఒక అధ్యయనం ఈ సంగతినే బయటపెట్టింది. ఆస్పత్రిలో ఉండగా గుండె ఆగిపోయిన 64 మంది రోగుల కేస్ షీట్లు తిరగేస్తే, 84 శాతం మందిలో అంతకుముందు ఎనిమిది గంటల్లోనే పరిస్థితి దిగజారుతున్న గుర్తులో, కొత్తగా చెప్పుకున్న బాధలో రాసి ఉన్నాయి. అంటే పిడుగుపాటు కాదు. మబ్బు ముందే పట్టింది. తలెత్తి చూసినవాళ్లు లేకపోయారు.

ఆ మబ్బును అంకెల్లో పట్టడానికే బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2012లో 'న్యూస్' అనే స్కోరు పద్ధతి తెచ్చింది. 2017లో దాన్ని సవరించింది. ఊపిరి వేగం, రక్తంలో ఆక్సిజన్, బీపీ, పల్స్, ఒంటి వేడి, స్పృహ... ఈ ఆరింటికీ మార్కులు వేస్తారు. బయటినుంచి ఆక్సిజన్ ఇస్తుంటే దానికీ మార్కులు కలుపుతారు. మొత్తం 5కు చేరితే డాక్టరును వెంటనే పిలవాలి. 7కు చేరితే ఎమర్జెన్సీ. ఇక్కడ తమాషా ఏమిటంటే, వీటిలో ఊపిరి లెక్కించడానికి గడియారం చాలు. కానీ హడావుడిలో చాలాచోట్ల లెక్కపెట్టకుండా రాసేసే అంకె కూడా అదే. నిమిషం పాటు రోగి ఛాతీ వంక చూసి లెక్కపెట్టే అలవాటు ఒక కొత్త నర్సుకు వార్డులో పట్టుబడిందంటే, అది జీవితాంతం ఉంటుంది.

ఐసీయూలో ఒంటరితనం తక్కువ

ఇప్పుడు అటువైపు చూద్దాం. ఐసీయూ అంటే భయపడే అమ్మలకు తెలియని విషయం ఒకటుంది. రాత్రి రెండు గంటలప్పుడు కొత్త నర్సు ఎక్కడ ఎక్కువ ఒంటరిగా ఉంటుంది? వార్డులోనే! ఐసీయూలో పక్క మంచం దగ్గర ఇంకో నర్సు ఉంటుంది. డ్యూటీ డాక్టరు అదే గదిలోనో, అద్దం అవతలో ఉంటారు. పిలిస్తే పలుకుతారు. వార్డు డాక్టరు ఆ రాత్రి రెండు మూడు అంతస్తులు చూస్తుంటారు.

మంచాల లెక్క కూడా అంతే. కేంద్ర ఆర్థిక శాఖకు చెందిన స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ప్రమాణాల ప్రకారం జనరల్ వార్డులో ఆరుగురు రోగులకు ఒక నర్సు, ఐసీయూలో ఒక రోగికి ఒక నర్సు ఉండాలి. కాగితం మీద లెక్క ఇది. వార్డుల్లో, ముఖ్యంగా నైట్ డ్యూటీలో ఒక్క నర్సు మీద ఎన్ని మంచాలు పడతాయో ఆస్పత్రి మొహం చూసిన వాళ్లెవరికైనా తెలుసు. ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆస్పత్రులను పరిశీలించిన లిండా ఏకెన్ బృందం, నర్సు చూసే రోగుల సంఖ్యకు ఒక్కరు అదనంగా చేరినా ఆపరేషన్ చేయించుకున్న రోగులు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేల్చింది.

ఐసీయూ ఇచ్చేది లోతు. ఒక్కరినే పన్నెండు గంటలు చూస్తూ ఉంటే శరీరం ఎలా పనిచేస్తుందో కళ్లకు కడుతుంది. ఈ మందు పెంచితే బీపీ ఇంత పెరిగింది, మూత్రం తగ్గింది, రక్త పరీక్షలో ఆమ్లం పెరిగింది... కారణమూ ఫలితమూ గంటగంటకూ కనిపిస్తాయి. వార్డులో ఆర్నెల్లకు వచ్చే అవగాహన కొన్ని విషయాల్లో అక్కడ వారాల్లోనే వస్తుంది. చురుకైన అమ్మాయిలు, అబ్బాయిలు ఐసీయూనే కోరుకోవడానికి గల్ఫ్ ఒక్కటే కారణం కాదు. నేర్చుకోవాలన్న ఆకలి కూడా.

అయితే అక్కడ తప్పు చేస్తే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. ఒక ఉదాహరణ. పడిపోయిన బీపీని నిలబెట్టడానికి నార్‌ఎడ్రినలిన్ అనే మందు సిరంజి పంపు ద్వారా ఇస్తారు. 50 మిల్లీలీటర్ల సిరంజిలో 4 మిల్లీగ్రాముల మందు కలిపారనుకుందాం. రోగి బరువు 50 కిలోలు. కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము ఇవ్వమని డాక్టరు రాశారు. లెక్క కడితే గంటకు 3.75 మిల్లీలీటర్లు వెళ్లాలి. అలసిపోయిన కళ్లకు చుక్క ఒక్క స్థానం జరిగి కనిపించిందా... 37.5! పదింతలు. సిరంజి అయిపోయేదాకా చూసి, అప్పుడు తీరిగ్గా కొత్తది కలిపితే ఇంకో గండం. మందు ఆగిన కొద్ది నిమిషాల్లోనే బీపీ జారిపోతుంది. అందుకే అనుభవం ఉన్న సిస్టర్లు రెండో సిరంజి ముందే సిద్ధంగా పెట్టుకుంటారు. పొటాషియం, ఇన్సులిన్, హెపారిన్ లాంటి మందుల్ని ఇద్దరు నర్సులు చూశాకే ఇవ్వాలన్న నియమం పెట్టిందీ అందుకే.

రెండో ప్రమాదం ఇంకా మెల్లగా వస్తుంది. మొదటి రోజునుంచీ తెర మీద అంకెలే చూసిన కళ్లు మంచం మీద మనిషిని చూడటం మరిచిపోతాయి. అలారం మోగితే రోగి దగ్గరికి కాకుండా మానిటర్ బటన్ దగ్గరికి చెయ్యి వెళ్తుంది. రోజుకు వందసార్లు మోగే అలారంలో నూటొకటోది నిజమైనదైనా చెవికి ఎక్కదు.

కొవిడ్ చెప్పిన పాఠం

అయితే కంటిచూపు ఒక్కటే చాలా? చాలదని 2020, 2021 సంవత్సరాలు అందరికీ చూపించాయి. హైదరాబాద్‌లో గాంధీ ఆస్పత్రిని 2020లో పూర్తిగా కొవిడ్ ఆస్పత్రిగా మార్చారు. అన్నిచోట్లా ఐసీయూ మంచాలు నిండిపోవడంతో, మామూలు రోజుల్లో ఐసీయూలో ఉండాల్సిన వాళ్లు వార్డుల్లోనే ఆక్సిజన్ మీద ఉండిపోయారు. వార్డు నర్సులు రాత్రికి రాత్రి వెంటిలేటర్ల పక్కన నిలబడాల్సి వచ్చింది.

అప్పుడు ఎదురైన వింత గుర్తుందా? రోగి మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఇంటివాళ్లతో మాట్లాడుతుంటాడు. ఆయాసం లేదంటాడు. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ మాత్రం 80 చూపిస్తుంటుంది. 'హ్యాపీ హైపాక్సియా' అన్నారు దాన్ని. కంటిని నమ్ముకుంటే మోసపోయే సందర్భం అది. యంత్రమే నిజం చెప్పింది. అదే ఆక్సీమీటర్ వేళ్లు చల్లబడ్డ రోగికి, గోళ్లరంగు వేసుకున్న చేతికి తప్పు అంకె కూడా చూపించగలదు. అక్కడ కన్నే దిక్కు.

అంటే వార్డు నేర్పే చదువూ, ఐసీయూ నేర్పే చదువూ ఒకదానికొకటి పోటీ కాదు. రెండూ కావాలి. ఏది ముందు అన్నదే ప్రశ్న.

అనుభవం వెంట తీసుకుపోగలమా?

అమెరికా నర్సింగ్ ఆచార్యురాలు పట్రీషియా బెన్నర్ 1984లో వెలువరించిన 'ఫ్రమ్ నోవిస్ టు ఎక్స్‌పర్ట్' అనే పుస్తకంలో నర్సు ఎదుగుదలను అయిదు మెట్లుగా చెప్పారు. కొత్త మనిషి నియమాలు పట్టుకుని నడుస్తుంది. ఒకే రకం పనిలో రెండు మూడేళ్లు గడిచాకే పనిమీద పట్టు దొరుకుతుంది. ఇంకా పైకి వెళ్లాక నియమం గుర్తుచేసుకోకుండానే 'ఏదో తేడాగా ఉంది' అని తెలిసిపోతుంది. ఆమె చెప్పిన మరో ముఖ్యమైన మాట... ఒకచోట ఆరితేరిన నర్సు కూడా తనకు తెలియని విభాగంలోకి వెళ్తే మళ్లీ కొత్త మనిషే.

ఇది రెండు వాదనలకూ చురక వేస్తుంది. వార్డులో అయిదేళ్లు చేసినా ఐసీయూలో మొదటిరోజు మొదటిరోజే. అక్కడా నేర్పాలి. ఐసీయూలో అయిదేళ్లు చేసి ఎనిమిది మంచాల వార్డుకి వస్తే ఎవరిని ముందు చూడాలో తోచక తడబడతారు. కాబట్టి ఎక్కడ మొదలుపెట్టారన్న దానికన్నా, మొదలుపెట్టినప్పుడు పక్కన ఎవరున్నారన్నది పెద్ద విషయం.

చదువుకీ ఉద్యోగానికీ మధ్య అగాధాన్ని మార్లీన్ క్రామెర్ 1974లోనే 'రియాలిటీ షాక్' అన్నారు. కాలేజీలో ఒక్క రోగికి పక్క మార్చడం గంటసేపు పద్ధతిగా నేర్చుకున్న అమ్మాయి, ఉద్యోగంలో గంటకు ఆరుగుర్ని చూడాలనేసరికి తనే పనికిరాదేమో అనుకుంటుంది. ఏడుస్తుంది. వృత్తే వదిలేద్దామనుకుంటుంది. ఆ నెలల్లో చెయ్యి పట్టుకున్నవాళ్లుంటే నిలబడుతుంది.

ఈ అగాధం మీద వంతెన వేసుకున్న దేశాలున్నాయి. అమెరికాలో చాలా ఆస్పత్రులు కొత్తవాళ్లను నేరుగా ఐసీయూలోకి తీసుకుంటాయి. కానీ వాళ్లకు నర్స్ రెసిడెన్సీ కార్యక్రమాలుంటాయి. వారాల తరబడి ప్రిసెప్టర్ అనే సీనియర్ నర్సు నీడలా వెంట ఉంటుంది. బ్రిటన్‌లో ఐసీయూకి కొత్తగా వచ్చిన నర్సును కనీసం ఆరు వారాలు లెక్కలోకి తీసుకోకూడదన్న ప్రమాణం ఉంది. అంటే ఆ రోజు ఎంతమంది నర్సులు కావాలో అంతమందీ ఉండాలి, ఈ అమ్మాయి అదనం. రోగి బాధ్యత ఆమె ఒక్కదానిమీద పెట్టరు. 'అక్కడ ఫ్రెషర్లు ఐసీయూలో చెయ్యట్లేదా?' అని మన దగ్గర వాదించేవాళ్లు ఈ ఆరు వారాల సంగతి మాత్రం చెప్పరు.

మన దగ్గర ఎలా?

మన జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. 2021లో వచ్చిన బీఎస్సీ కొత్త సిలబస్ సెమిస్టర్ల పద్ధతిలోకి మారింది. చివరి సెమిస్టర్‌ని ఇంటర్న్‌షిప్‌కే కేటాయించింది. అయినా కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆస్పత్రి ఎలాంటిదన్నదాన్ని బట్టి అనుభవం మారుతుంది. వెంటిలేటర్‌ని దూరం నుంచి చూడటం తప్ప ముట్టుకోకుండా పట్టా పుచ్చుకున్నవాళ్లు ఉన్నారు. రోజూ వందలమంది రోగులున్న ప్రభుత్వాస్పత్రిలో చెయ్యి తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి చేతిలోనూ పట్టా ఒకటే.

ఐసీయూ ప్రత్యేక చదువులూ వచ్చాయి. నర్సు ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే రెండేళ్ల పీజీ రెసిడెన్సీ కోర్సుకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2016 ప్రాంతంలో రూపం ఇచ్చింది. దాంట్లో చేరాలంటే బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది ఆస్పత్రి అనుభవం ఉండాలని పెట్టింది. ముందు కొంతకాలం రోగుల మధ్య తిరిగి రమ్మనే కదా అర్థం!

కానీ రోజువారీ నడిచేది వేరు. ఐసీయూలో రెండేళ్లు చేసిన సిస్టర్లు విదేశాలకు వెళ్లిపోతారు. ఖాళీలు పడతాయి. ఆ ఖాళీల్లోకి నిన్న చేరినవాళ్లను తోస్తారు. వారం రోజులు 'చూసి నేర్చుకో' అంటారు, ఎనిమిదో రోజు రోగిని అప్పగిస్తారు. వాళ్లకు నేర్పేవాళ్లు కూడా ఏడాది కిందట చేరినవాళ్లే. గల్ఫ్‌కి మెట్టు అనుకున్నది అక్కడ చాలామందికి భయంగా మారుతుంది. భయపడ్డ నర్సు చేసే మొదటి పని తెలియనిది అడగడం మానేయడం. రోగికి అంతకన్నా చేటు లేదు.

అందుకే మన పరిస్థితుల్లో ఎక్కువమంది కొత్తవాళ్లకు ఆరు నెలల నుంచి ఏడాది దాకా మెడికల్ లేదా సర్జికల్ వార్డు, ఆ తర్వాత ఐసీయూ... ఇదే మేలైన దారి. వార్డు తేలికని కాదు. మామూలు ఎలా ఉంటుందో తెలుసుకుని వెళ్తే, ఐసీయూలో మామూలు కానిది త్వరగా తెలుస్తుందని. ఈ ఏడాది వృథా అనుకోనక్కర్లేదు. విదేశీ దరఖాస్తులో అదేమీ పెద్దగా కనిపించకపోవచ్చు. అక్కడికెళ్లాక ఇద్దరు ముగ్గురు రోగుల్ని ఒకేసారి అప్పగించిన రోజున అదే కాపాడుతుంది.

అయితే రెండు మినహాయింపులు. ఆస్పత్రిలో పద్ధతైన శిక్షణ ఉండి, కొన్ని వారాలు సీనియర్ పక్కనుండి, చివరి ఏడాదిలో ఐసీయూలో చేసిన అనుభవమూ ఉంటే నేరుగా ఐసీయూలో చేరినా ఫర్వాలేదు. అలాగే, రాత్రి ముప్ఫై మంచాలకు ఒక్క కొత్త నర్సుని వదిలేసే వార్డు అయితే 'ముందు వార్డే మంచిది' అన్న మాట చెల్లదు. అది నేర్చుకునే చోటు కాదు, నీళ్లలోకి తోసెయ్యడం.

రాత్రి రెండింటికి ఫోను

ఎక్కడ చేరినా మొదటి నెలలోనే పట్టుబడాల్సిన విద్య ఒకటుంది... డాక్టర్ని లేపడం! చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. 'సార్ తిడతారేమో', 'ఏమీ కాదేమో' అనుకుంటూ గంట గడిపేస్తారు. లేపినా 'సార్, పేషెంట్ ఏదోలా ఉన్నాడు' అంటే అవతల విసుక్కుంటారు. అదే ఇలా చెప్తే?

'సార్, మూడో ఫ్లోర్ సర్జికల్ వార్డు నుంచి స్టాఫ్‌నర్సుని. పన్నెండో బెడ్, నిన్న పేగు ఆపరేషన్ అయిన పేషెంట్. సాయంత్రం పల్స్ 88, ఇప్పుడు 112. ఊపిరి 26. బీపీ 118/76. పొట్ట గట్టిగా ఉంది, మూత్రం రెండు గంటలుగా సరిగా రాలేదు. లోపల బ్లీడింగ్ ఏమోనని అనుమానంగా ఉంది సార్. మీరు ఒకసారి వచ్చి చూడాలి.'

అర నిమిషం పట్టింది. ఇప్పుడేం జరుగుతోంది, ముందు ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి... ఈ వరసనే 'ఎస్‌బార్' అంటారు. అమెరికా నౌకాదళం నుంచి ఆస్పత్రులకు వచ్చిన పద్ధతి ఇది. ఇలా చెప్పడం వచ్చిన నర్సు ఏ వార్డులో ఉన్నా ఆ వార్డు భద్రంగా ఉంటుంది. చెప్పినా రాకపోతే ఆ పై డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. కేస్ షీట్లో టైమూ, చెప్పిన సంగతీ రాసిపెట్టాలి.

చేరేముందు అడగండి

ఆర్డరు చేతికివ్వగానే సంతకం పెట్టేయకుండా ఈ నాలుగు ప్రశ్నలు అడగడంలో తప్పులేదు. నెమ్మదిగా, మర్యాదగా అడగొచ్చు.

మొదటిది: 'మేడమ్, నాకు సొంతంగా రోగిని అప్పగించేముందు ఎన్ని వారాలు సీనియర్‌తో ఉంచుతారు?' జవాబు వారాల్లో రావాలి. 'అదే వచ్చేస్తుందిలేమ్మా' అంటే జాగ్రత్తపడాలి.

రెండోది: 'నైట్ డ్యూటీలో నేనెంతమందిని చూడాలి? నాతోపాటు సీనియర్ ఉంటారా?' ఐసీయూ అయినా వార్డు అయినా కొత్తవాళ్లిద్దరే రాత్రిపూట ఉండే చోటు మంచిది కాదు.

మూడోది: 'ఏడాది తర్వాత వేరే విభాగానికి మారే వీలుందా?' వార్డులో మొదలుపెట్టి ఐసీయూకి వెళ్లే దారి రాతపూర్వకంగా ఉంటే, బాబాయి కోరికా తీరుతుంది, అమ్మ భయమూ తీరుతుంది.

నాలుగోది: 'బాండ్ ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గరే పెట్టుకుంటారా?' సర్టిఫికెట్లు చిక్కుకుపోతే, నేర్పని చోటునుంచి బయటపడే దారి కూడా మూసుకుపోతుంది.

ఇంట్లోవాళ్లూ ఒక మాట గుర్తుంచుకోవాలి. మొదటి మూడు నెలలు డ్యూటీ నుంచి వచ్చిన పిల్లను 'ఎలా ఉంది ఉద్యోగం?' అని కాక, 'ఇవాళ ఏం నేర్చుకున్నావు? తెలియనిది ఎవరిని అడిగావు?' అని అడిగి చూడండి. రోజూ ఏదో ఒక పేరు చెప్పిందంటే ఆ ఆస్పత్రి మంచిదే. అడగడానికి ఎవరూ లేరని వారం వారం వింటుంటే, అది ఐసీయూ అయినా జనరల్ వార్డు అయినా, ఆ ఉద్యోగం గురించి ఇంకోసారి ఆలోచించాల్సిందే.

రోగి బంధువులకూ ఇందులో పాత్ర ఉంది. మంచం దగ్గరికి కొత్త మొహం వచ్చి నిమిషం సేపు ఛాతీ వంక చూస్తూ ఊపిరి లెక్కపెడుతుంటే విసుక్కోకండి. మందు ఇచ్చేముందు ఇంకో సిస్టర్ని పిలిచి చూపించుకుంటే 'ఈ అమ్మాయికి పని రాదు' అనుకోకండి. పని తెలిసినవాళ్ల దగ్గర పెరుగుతున్న నర్సు చేసేది సరిగ్గా అదే.